శకుని ఎక్కిన పెట్టె: మాయాబజార్ క్లైమాక్స్‌లో మాయ ఎక్కడ ఆగిందో చూశారా?

మాయాబజార్ క్లైమాక్స్ ఏందని ఎవరినైనా అడగండి. ముందు పెళ్ళిపీటల మీద లక్ష్మణకుమారుడు హడలిపోవడం చెబుతారు, రేలంగి మొహం గుర్తొచ్చి వాళ్ళే నవ్వేస్తారు. ఇంకొందరు ఘటోత్కచుడు కౌరవుల్ని మూటగట్టి హస్తినాపురానికి గాల్లో సాగనంపడం చెబుతారు. మధ్యలో ఒక పెట్టె ఉంటుంది కదా, శకుని దాని మీద ఎక్కుతాడు కదా అని మనం గుర్తు చేస్తే, "ఆ అవును, అదీ ఉంది" అంటారు. ఆ "అదీ ఉంది" దగ్గరే నాకు పేచీ. నా లెక్కలో క్లైమాక్స్ అంటే అదొక్కటే. ముందు జరిగే పెళ్ళి హంగామా అంతా దానికి వంట ఏర్పాట్లు, వెనక జరిగే మూటలు కట్టడం విస్తర్లు ఎత్తడం లాంటిది.

ఎందుకంటే, ఈ సినిమాలో ప్రతి పది నిమిషాలకూ ఒక గారడీ ఉంటుంది. నిద్రపోతున్న పిల్లతో సహా మంచం గాల్లోకి లేచిపోతుంది, ఎత్తకుండానే లడ్డూలు నోట్లోకి వెళ్తాయి, ఖాళీ నేల మీద ఊరు పుడుతుంది, తల్పానికి తోడు గిల్పం, కంబళికి తోడు గింబళి పుట్టుకొచ్చి వాటి మీద చేరినవాళ్ళని ముప్పుతిప్పలు పెడతాయి. 1957లో కెమెరాతో ఏమేం చేయొచ్చో అన్నీ చేసి చూపించాడు దర్శకుడు కె.వి.రెడ్డి. అన్నీ చేసినవాడు, తీరా కథ ముడి విప్పాల్సిన చోటికి వచ్చేసరికి, ఒక ముసలాయన్ని పెట్టె ఎక్కించి మాట్లాడించి ఊరుకున్నాడు. ఎగరడం లేదు, మాయమవడం లేదు, ఒకరు ఇద్దరవడం లేదు. చేతిలో అన్ని మందుగుండ్లు పెట్టుకున్న మనిషి సరిగ్గా దీపావళి రాత్రి ఒక ప్రమిద వెలిగించి కూర్చున్నాడంటే దాని వెనక ఏదో లెక్క ఉన్నట్టే కదా.

లెక్క ఉన్న మనిషే కూడా. కె.వి.రెడ్డి అంటే కదిరి వెంకటరెడ్డి, మా తాడిపత్రి ఆయన. సీను ఎన్ని నిమిషాలు రావాలో ముందే స్టాప్‌వాచ్ పట్టుకుని చూసుకుని, ఆ కొలతకు తీసేవాడని ఆయనకు పేరు. మూడు గంటల సినిమాలో ఒక్క సీను కూడా కాలక్షేపానికి పెట్టినట్టుండదు. నిర్మాతల్లో ఒకరైన నాగిరెడ్డిది కడప జిల్లా పొట్టిపాడు. చక్రపాణిది తెనాలి, కాబట్టి మొత్తం మా సీమ గొప్పే అని కొట్టుకోవడం లేదు, మాటలూ పాటలూ రాసిన పింగళి నాగేంద్రరావు కూడా మా వైపు మనిషి కాదు. కానీ ఈ క్లైమాక్స్‌లో మా ఊళ్ళ వాసన ఒకటి ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

సినిమా చూసి చాలా ఏళ్ళయినవాళ్ళకు కథ రెండు ముక్కల్లో చెబుతాను. బలరాముడి కూతురు శశిరేఖ, సుభద్ర కొడుకు అభిమన్యుడు చిన్నప్పట్నుంచీ ఒకరికొకరు అనుకున్నవాళ్ళు. పాండవులు జూదంలో రాజ్యం పోగొట్టుకోగానే శశిరేఖ తల్లి రేవతికి ఆడపడుచు చేదయింది, సంబంధం దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడికి మారింది. సుభద్ర కొడుకుని తీసుకుని అడవికి పోతే అక్కడ ఘటోత్కచుడు తగిలాడు. కృష్ణుడు లోపల్నుంచి, ఘటోత్కచుడు బయట్నుంచి కలిసి నాటకం ఆడారు: అసలు శశిరేఖను మంచంతో సహా ఆశ్రమానికి చేర్చి, ఆమె రూపంలో ఘటోత్కచుడు ద్వారకలో కూర్చున్నాడు. వచ్చిన మగపెళ్ళివాళ్ళకు విడిదిగా రాక్షసులు కట్టిన మాయ ఊరే మాయాబజారు. వ్యాసుడి భారతంలో ఈ కథ లేదు, అక్కడ అభిమన్యుడి పెళ్ళాం ఉత్తర. ఈ పిల్ల జనం పుట్టించుకున్న పిల్ల. మనకు శశిరేఖ, మరాఠీవాళ్ళకు వత్సల.

ఇక క్లైమాక్స్ అర్థం కావాలంటే సినిమా మొదట్లో వచ్చే ఇంకో పెట్టె దగ్గరికి పోవాలి. ప్రియదర్శిని. దాన్ని తెరిచి చూసినవాళ్ళకు ఎవరైతే ఎక్కువ ఇష్టమో వాళ్ళు అందులో కనబడతారు. శశిరేఖకు అభిమన్యుడు కనబడతాడు, "నీవేనా నను తలచినది" అని ఇద్దరూ అందులోంచే పాడుకుంటారు. వీడియోకాల్ అని ఈ కాలం పిల్లలు నవ్వే సీను అదే. బలరాముడు చూస్తే శిష్యుడు దుర్యోధనుడు కనబడతాడు. కృష్ణుడు చూస్తే శకుని కనబడతాడు. హాల్లో అందరూ నవ్వే చోటు, నవ్వేసి మర్చిపోయే చోటు. నేను కూడా చిన్నప్పుడు అది జోకే అనుకున్నాను.

అది జోకు కాదు, చీటీ. క్లైమాక్స్‌లో ఎవరు ఏం చేయబోతున్నారో అక్కడే రాసి పెట్టాడు. కృష్ణుడికి ఇష్టుడు శకుని అన్నాడు, చివర్లో కృష్ణుడి పని నెరవేర్చేది శకుని నోరే. బలరాముడికి ఇష్టుడు దుర్యోధనుడు అన్నాడు, చివర్లో విరగాల్సింది ఆ ఇష్టమే. సినిమా మొదట్లో ఒక పెట్టె, చివర ఒక పెట్టె. మొదటిది కంటికి పనిచేస్తుంది, లోపల ఉన్న ఇష్టాన్ని బొమ్మగా చూపిస్తుంది. చివరిది, ఘటోత్కచుడి దగ్గరుండే చిన్నమయ్య తయారుచేసిన సత్యపీఠం, నోటికి పనిచేస్తుంది, ఎక్కినవాడి లోపల ఉన్న మాటను బయటికి లాగుతుంది. ఈ రెండు పెట్టెల మధ్య నడిచేదంతా కప్పిపెట్టడమే: ఒకడు రూపం కప్పాడు, ఒకరు ఉద్దేశం కప్పారు, ఒకాయన నవ్వు కింద అన్నీ కప్పాడు.

నాకు దీంట్లో బాగా నచ్చేది ఏమిటంటే కంటి పెట్టె ఎవరినీ మార్చలేకపోయింది. దుర్యోధనుడి బొమ్మ చూసి బలరాముడు మురిసిపోయాడే గానీ ఇదేందబ్బా అని ఆలోచించలేదు. మనిషికి తనకు నచ్చింది ఎదురుగా చూపిస్తే ఇంకాస్త మునుగుతాడు, అంతే. (ఫోన్లో మనకు రోజంతా జరిగేది కూడా ఇదే, కానీ ఆ గొడవ ఇక్కడొద్దు.) బలరాముడు మారాలంటే అవతలివాడి నోటి నుంచి చెవిలో పడాల్సి వచ్చింది.

సరే, పెళ్ళి దగ్గరికి వద్దాం. అక్కడ కె.వి.రెడ్డి ఒకేసారి రెండు పనులు చేస్తాడు. మాయాబజారులో దొంగ పెళ్ళి, ఆశ్రమంలో అసలు పెళ్ళి, ఇక్కడ కాసేపు, అక్కడ కాసేపు. రెండు చోట్ల జరిగేవాటిని మార్చి మార్చి అతికించి ఒకే సమయంలో జరుగుతున్నట్టు అనిపించడం సినిమా పుట్టిన కొత్తలోనే కనిపెట్టిన పద్ధతి, మామూలుగా దీన్ని టెన్షన్ పెంచడానికి వాడతారు: రైలొస్తోంది, పట్టాల మీద హీరోయిన్, రైలొస్తోంది. ఇక్కడ వాడింది దానికి కాదు. అభిమన్యుడి పెళ్ళి ఆగిపోతుందేమో అన్న భయం మనకు ఎక్కడా కలగదు. ఇక్కడ వాడింది పోలికకి. వైభోగం అంతా ఉన్నచోట పెళ్ళికూతురు అబద్ధం, ఆశ్రమంలో ఏ ఆర్భాటమూ లేని చోట పెళ్ళికూతురు నిజం. రెండు చోట్లా ఉన్నది సావిత్రే. అయినా ఏ ముక్క చూస్తున్నా, ఈమె ఎవరు అన్న అనుమానం చూసేవాడికి ఒక్క క్షణం కూడా రాదు.

ఆ ఘనత ఎడిటింగ్‌ది కొంత, సావిత్రిది ఎక్కువ. ఆమె వేసింది రెండు పాత్రలు కాదు, లెక్కపెడితే రెండున్నర. శశిరేఖ ఒకటి. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు రెండు. ఆ ఘటోత్కచుడు, పక్కన మనుషులు ఉన్నప్పుడు శశిరేఖలా నటించడం, అంటే ఆడపిల్ల వేషంలో ఉన్న మగవాడు ఆడపిల్లలా నటిస్తుంటే దాన్ని ఒక ఆడమనిషి నటించడం, ఆ అర. "అహ నా పెళ్ళియంట" పాటలో సుశీల గొంతు సాగుతూ సాగుతూ ఉండగా నడుమ ఘంటసాల గొంతు దూరుతుంది చూడండి, అప్పుడు సావిత్రి భుజాలు చూడాలి, మొహం కాదు. మెడ కింద నుంచి ఘటోత్కచుడు వేసిన ఎస్.వి.రంగారావు వచ్చి నిలబడతాడు. అక్కడ కెమెరా గారడీ ఏమీ లేదు, మనిషి ఒంట్లోనే ఉంది. క్లైమాక్స్‌లో పెళ్ళిపీటల మీద కూర్చునే సమయానికి మనం ఆ భుజాలకు అలవాటుపడిపోయి ఉంటాం కాబట్టే, ఆమె తల వంచి సిగ్గుపడుతున్నట్టు కూర్చున్నా లోపల ఎవరున్నారో తెలిసి నవ్వొస్తుంది.

పెళ్ళికూతురు లక్ష్మణకుమారుడికి రకరకాల రూపాల్లో కనబడుతుంది. పక్కనున్నవాళ్ళకు మాత్రం మామూలు శశిరేఖే. ఇలాంటి సీనుకు ఒక వ్యాకరణం ఉంటుంది: ముందు చూసేవాడి మొహం, తర్వాత వాడికి కనబడింది, తర్వాత మళ్ళీ వాడి మొహం. నడుమ ఉన్న ముక్కను వాడి కళ్ళతో చూస్తున్నాం అని ఎవరూ చెప్పకుండానే మనకు అర్థమవుతుంది. ఆ వెంటనే పక్కవాళ్ళు చూసే శశిరేఖను చూపిస్తే వీడికి పిచ్చెక్కిందేమో అని వాళ్ళు అనుకోవడం కూడా అర్థమవుతుంది. గమనించాల్సింది ఏమిటంటే, ఆ క్షణంలో ఆ పందిట్లో నిజం చూస్తున్నది లక్ష్మణకుమారుడు ఒక్కడే. అతని పక్కన కూర్చున్నది శశిరేఖ కాదు, ఇంకేదో. వాడు అరుస్తున్నది నిజం, కానీ వాడి మాట నమ్మేవాడు లేడు. తెలివితక్కువవాడికి మొదట నిజం చూపించి, తెలివి ఎక్కువైనవాడి నోట చివర నిజం పలికించడం. ఇది కావాలనే పెట్టిన వరస అని నేను గట్టిగా అనుకుంటాను.

ఆ గారడీలు ఎలా చేసేవారో కూడా చెప్పాలి, లేకపోతే వాటిని ఆపేయడంలో ఉన్న తెగువ అర్థం కాదు. కెమెరా మార్కస్ బార్ట్లే. అప్పట్లో కెమెరావాళ్ళ చేతిలో ఉన్న మంత్రాలు వేళ్ళ మీద లెక్కపెట్టేవే. ఒకటి, ఆపి తిప్పడం. ఒకరు నిలబడతారు, కెమెరా ఆపుతారు, ఆ జాగాలోకి ఇంకొకరు వస్తారు, మళ్ళీ తిప్పుతారు. తెర మీద ఒకరు మాయమై ఇంకొకరు ప్రత్యక్షం. చెప్పడానికి సులువే. కెమెరా వెంట్రుకవాసి కదిలినా, లైటు కాస్త మారినా, పక్కనున్నవాళ్ళలో ఒకడు ఒళ్ళు గోక్కున్నా అతుకు బయటపడుతుంది. ఇంకోటి, ఒకే ఫిల్ము మీద రెండుసార్లు తీయడం: లెన్సు ముందు సగం మూసి ఒకసారి, ఫిల్ము వెనక్కి చుట్టి ఇంకో సగం మూసి మరోసారి. రెండు సగాలూ కలిసే గీత కనబడకుండా స్తంభం అంచో గోడ అంచో చూసుకోవాలి. ఇంకా సన్న తీగలు, బొమ్మ నమూనాలు, వెనక తెర మీద వేసిన బొమ్మల ముందు నటులను నిలబెట్టడం. తప్పు జరిగిందా లేదా అన్నది ఫిల్ము కడిగి చూసేదాకా తెలిసేది కాదు, తెలిసినా దిద్దుకోవడానికి కంప్యూటర్ లేదు, మళ్ళీ మొదట్నుంచి తీయడమే.

ఇంత కష్టపడి సంపాదించిన విద్యను ఎవడైనా క్లైమాక్స్‌లో రెట్టింపు చేసి చూపిస్తాడు. ఇప్పటి సినిమాల్లో చూడండి, చివరి అరగంటకే సగం డబ్బు పోతుంది. కె.వి.రెడ్డి ఎక్కడ ఆపాలో అక్కడ ఆపాడు. పెళ్ళి రసాభాస అయ్యాక కౌరవులు మోసం మోసం అని ఎగిరితే, సాత్యకి శకునిని ఆ పీఠం మీద నిలబడి మాట్లాడమంటాడు. శకుని ఎక్కుతాడు.

ఇక్కడ ఫోన్‌లో చూస్తున్నవాళ్ళు ఒకసారి ఆపి చూడండి. శకుని వేసింది సి.ఎస్.ఆర్. ఆంజనేయులు. సినిమా మొత్తంలో ఆయన శకుని మాట పక్కవాళ్ళ చెవిలోకి పోయే మాట. కూర్చుని, వంగి, గొంతు తగ్గించి, నవ్వుతో కలిపి. అలాంటి మనిషిని నలుగురి మధ్యలో, అందరికంటే ఎత్తులో, నిటారుగా నిలబెట్టారు. పీఠం చేసిన మొదటి పని అదీ. నిజం చెప్పించకముందే, గుసగుసలవాణ్ణి సభకెక్కించింది. మా ఊళ్ళ పంచాయితీల్లో చూసినవాళ్ళకు తెలుస్తుంది, అరుగు మీద నలుగురిలో కలిసి కూర్చున్నప్పుడు ధైర్యంగా మాట్లాడేవాణ్ణి "లేచి నిలబడి చెప్పప్పా" అంటే సగం మాటలు గొంతులోనే ఆగిపోతాయి. ఎత్తు అనేది మాటను మారుస్తుంది.

ఎక్కాక ఇక దాచుకోలేడు. ఈ పెళ్ళి ఎందుకు తలపెట్టారో అంతా చెప్పేస్తాడు: పిల్ల మీద ప్రేమా కాదు, బలరాముడి మీద గౌరవమూ కాదు, యాదవుల అండ పాండవులకు లేకుండా చేయడానికి. సంబంధం అనేది పేరుకే, అది బేరం. సినిమా పేరులో రెండో సగం ఇక్కడ అర్థమవుతుంది. మాయ సంగతి అందరూ రాస్తారు, బజారు సంగతి ఎవరూ పట్టించుకోరు. పాండవుల దగ్గర రాజ్యం ఉన్నంతవరకు రేవతికి మేనల్లుడు మేలిమి బంగారం, పోగానే గిల్టు. పొద్దుటూరు బంగారం అంగళ్ళ దగ్గర ఓ గంట నిలబడితే ఈ చూపు కనబడుతుంది, తెచ్చిన నగను గీటురాయి మీద గీసేటప్పుడు అంగడాయన నగను చూస్తాడు, తెచ్చినవాళ్ళు ఆయన మొహం చూస్తారు. ఘటోత్కచుడు విడిదికి గుడి కట్టించలేదు, కోట కట్టించలేదు, బజారు కట్టించాడు. బేరానికి వచ్చినవాళ్ళకు బజారే విడిది.

ఇక ఆ సీనులో అసలు చూడాల్సిన మొహం శకునిది కూడా కాదు, బలరాముడిది. గుమ్మడి. శకుని మాట్లాడుతున్నంతసేపూ ఆ మాటలు ఇంకెవరికోసమో కాదు, ఆయనకోసం. మనకు ముందే తెలుసు, కృష్ణుడికి తెలుసు, ఘటోత్కచుడికి తెలుసు. తెలియనివాడు ఒక్కడే, ప్రియదర్శినిలో దుర్యోధనుణ్ణి చూసి మురిసిన పెద్దాయన. మాట్లాడేవాణ్ణి కాకుండా వినేవాణ్ణి చూడాలి అన్నది మంచి దర్శకులకు తెలిసిన కిటుకు, తెలియనివాళ్ళు డైలాగు చెప్పేవాడి మీదే కెమెరా పెట్టి కూర్చుంటారు. సినిమాలో సమస్య ఏమిటో, అది ఎవరి తలలో ఉందో తెలిస్తే క్లైమాక్స్ ఎవరి మొహం మీద జరగాలో తెలుస్తుంది. ఇక్కడ సమస్య లక్ష్మణకుమారుడు కాదు, వాడు పాపం పెళ్ళి అంటే సరదా పడ్డ పిల్లోడు. సమస్య బలరాముడి నమ్మకం. దాన్ని గదతో పగలగొట్టలేరు, మాయతో కూడా పగలగొట్టలేరు, ఎందుకంటే మాయ చేశారని తెలిస్తే ఆయన ఇంకా మొండికేస్తాడు. ఆయన నమ్మినవాళ్ళ నోటితోనే చెప్పించాలి.

ఒక చిక్కు ప్రశ్న కూడా ఉంది, నాకు చాలా రోజులు బుర్ర తిన్నది. మన వైపు జనంలో ఒక కథ ఉంది కదా, శకునికి కౌరవుల మీద ప్రేమ లేదని, తన తండ్రినీ అన్నదమ్ములనూ చంపినందుకు పగ పట్టి, తండ్రి ఎముకలతో పాచికలు చేయించుకుని, ఆ వంశాన్ని లోపల్నుంచి కూల్చడానికే చేరాడని. సత్యపీఠం లోపలి మాట లాగేదే అయితే ఆ మాట రావాలి కదా? రాదు. ఈ పెళ్ళి వెనక కుట్ర వరకే వస్తుంది. లోపం అనుకోవచ్చు. నేను అనుకోను. ఆ కథ తెలిసి చూసేవాళ్ళకు, ప్రియదర్శినిలో కృష్ణుడికి శకుని ఎందుకు కనబడ్డాడో అక్కడ అర్థమైపోతుంది. ఇద్దరి పనీ ఒకటే, కౌరవుల్ని కురుక్షేత్రం దాకా నడిపించడం. పీఠం పైన చెప్పని నిజాన్ని పెట్టెలో బొమ్మ ముందే చూపించేసింది.

ఇంకో తలకిందులు. సినిమా మొత్తంలో అబద్ధమాడేది ఎవరో లెక్కపెట్టండి. కృష్ణుడు, ఘటోత్కచుడు, వాడి పరివారం, అందరూ మనవాళ్ళే. ఊరు అబద్ధం, పెళ్ళికూతురు అబద్ధం, భోజనం కూడా అబద్ధమే. నిజం చెప్పి పట్టుబడింది ఒక్క శకుని. ధర్మం మనవాళ్ళ వైపు ఉంది కాబట్టి మనం పట్టించుకోం, నవ్వేసుకుంటాం. పాండవుల్ని, అన్నిటికీ కారణమైన ఆ అయిదుగురిని, సినిమాలో ఒక్కసారి కూడా చూపించకపోవడం వెనక కూడా నాకు ఈ లెక్కే కనబడుతుంది. ధర్మరాజు ఆ పందిట్లో నిలబడి ఉంటే ఈ మోసం ఇంత సరదాగా ఉండేదా? ఎవరికోసం చేస్తున్నారో వాళ్ళు కనబడకపోతేనే ఈ నాటకం తేలిగ్గా సాగుతుంది.

ఇప్పుడు మా ఊళ్ళ వాసన సంగతి. మాయాబజార్ సినిమా కాకముందే నాటకంగా జనానికి కంఠతా వచ్చిన కథ. దాన్ని ఊరూరా ఆడినవాళ్ళలో సురభివాళ్ళ పేరు ముందుంటుంది. సురభి అన్నది మా కడప జిల్లాలో ఊరి పేరు. 1885లో వనారస గోవిందరావు వాళ్ళు అక్కడ కీచకవధ ఆడడంతో మొదలైంది ఆ నాటక సమాజం, ఊరి పేరే సమాజం పేరయింది. అంతకుముందు వాళ్ళది తోలుబొమ్మలాట. తీగల మీద మనిషిని ఎగరేయడం, క్షణంలో తెరలు మార్చడం, కళ్ళముందే మాయం చేయడం, సినిమా కెమెరాతో చేసినవాటిలో సగం వాళ్ళు చేతులతో చేసేవాళ్ళు, ఇప్పటికీ చేస్తున్నారు. తోలుబొమ్మలు మా అనంతపురం వైపు ఇంకా బతికే ఉన్నాయి, ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో మేకతోలు మీద రంగులద్ది చేస్తారు, అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది.

నా చిన్నప్పుడు మా అవ్వ వాళ్ళ ఊరికి ఆటవాళ్ళు వచ్చారు. తెర ముందు చోటు లేక, చోటు ఉన్నా కుదురు లేక, నేను తెర వెనక్కి పోయి కూర్చున్నాను. ముందు నుంచి చూస్తే బొమ్మలు పోట్లాడుకుంటున్నాయి. వెనక నుంచి చూస్తే చెమటలు కక్కుతున్న ఒకాయన, కుడిచేతిలో రాముడు, ఎడమచేతిలో రావణుడు. దెబ్బ పడినప్పుడల్లా కాలి కింద చెక్క టపామని తొక్కుతున్నాడు, ఆ చప్పుడే బాణం చప్పుడు, గద చప్పుడు. రాముడి మాటా ఆయనే, రావణుడి మాటా ఆయనే. బొమ్మకు చేయి కదులుతుంది, తల కదులుతుంది, నోరు కదలదు. ఆ రాత్రి నాకు రామాయణం ఏం అర్థమైందో గుర్తులేదు గానీ, ఆ ఇద్దరూ ఒకే మనిషి చేతుల్లో ఉండడం మాత్రం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

సత్యపీఠం ఎక్కిన శకుని ఆ బొమ్మే. నోరు తనది, మాట తనది కాదు, అంటే తనదే కానీ లాగుతున్నది ఇంకెవరో. అంతవరకూ పాచికలు విసిరి అందరినీ ఆడించినవాణ్ణి బొమ్మను చేసి నిలబెట్టారు. ఆ వెంటనే ఘటోత్కచుడు తన అసలు రూపంలోకి వచ్చి, ఇదంతా చేయించింది కృష్ణుడని చెబుతాడు. ఎన్.టి.ఆర్. మొహంలో ఆ నవ్వు అలాగే ఉంటుంది. ముందునుంచి చూస్తున్న మనల్ని లేపి తెర వెనక్కి తీసుకుపోయి, అదిగో చెక్క తొక్కుతున్నది ఆయనే అని చూపించడమే ఆ క్లైమాక్స్.

2010లో రంగులేసి వదిలినప్పుడు కూడా చూశాను. పాటల దగ్గర ముచ్చటగానే ఉంది గానీ, ఈ సీనులో పట్టుబట్టలూ పందిరీ అన్నీ ఒకేలా మెరుస్తుంటే కళ్ళు అటూ ఇటూ పోతాయి, మొహాల మీద నిలవవు. నలుపు తెలుపులోనే చూడమంటాను.

మొన్న సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు టీవీలో మళ్ళీ వచ్చింది. అవ్వకు చూపు తగ్గింది, కుర్చీ టీవీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. లడ్డూల దగ్గర నవ్వింది, రేలంగి దగ్గర నవ్వింది. శకుని పెట్టె ఎక్కి అంతా కక్కేసి దిగాక మాత్రం నవ్వలేదు, కాసేపు ఏదో ఆలోచించుకుంది.

"ఒరేయ్, ఆ పెట్టి మీదికి కృష్ణుణ్ణి ఎవురూ ఎక్కమన్లేదే?"

"ఆయన ఎక్కితే సినిమా అయిపోతుంది కదవ్వా."

"అయిపోయె గదా ఇప్పుడు," అని చీర కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "ఎక్కల్ల ఒకసారి" అనింది.